లూసియానా చిత్తడి అడవిలో ప్రైవేటు పార్టీ పడవ: 26 మందితో వెళ్ళేముందు ఏమేమి తెలుసుకోవాలి?

కైకలూరు_కేటీ

మా నాన్నగారికి ఈ ఏప్రిల్‌లో అరవై ఏళ్ళు నిండుతున్నాయి. అమ్మా నాన్నా ఆరు నెలల కోసం మా దగ్గరికి వచ్చారు. షష్టిపూర్తి హ్యూస్టన్‌లోని గుడిలో శాస్త్రోక్తంగా జరిపిస్తున్నాము. ఆ మరుసటి వారం బంధువులందరం కలిసి లూసియానా వెళ్ళి, ఒక పడవను పూర్తిగా మా కోసమే మాట్లాడుకుని చిత్తడి అడవిలో తిరగాలని అనుకుంటున్నాము. మొత్తం 26 మందిమి. వారిలో ఏడుగురు పిల్లలు, ఒక చంటిబిడ్డ, మోకాళ్ళ నొప్పితో బాధపడే మా పెద్దత్తయ్య కూడా ఉన్నారు.

నేను ఇద్దరు నిర్వాహకులతో ఫోనులో మాట్లాడాను. ఒకాయన తన పడవలో 22 మందికి మించి ఎక్కించనని ఖచ్చితంగా చెప్పారు. రెండో ఆయన పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే 26 మందీ సరిపోతారని, ఆ విషయం తాను చూసుకుంటానని అన్నారు. వారి ప్రకటనల్లో "పడవ మీది, పార్టీ మీది" అన్న మాట తప్ప ఉపయోగపడే వివరం ఒక్కటీ లేదు. భోజనం తీసుకువెళ్ళవచ్చా, పాటలు పెట్టుకోవచ్చా, మొసళ్ళు నిజంగా కనిపిస్తాయా, పడవలో మరుగుదొడ్డి ఉంటుందా అన్నవి మా సందేహాలు. వెళ్ళి వచ్చినవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఫ్రిస్కో_బాబాయి

మేము రెండేళ్ళ క్రితం 18 మందిమి వెళ్ళాము. పడవ రేవు నుంచి కదిలి మళ్ళీ రేవుకు చేరడానికి గంటా ముప్పావు పట్టింది. "పార్టీ పడవ" అనగానే రెండంతస్తుల లాంచీని, దాని మీద రంగు దీపాలను ఊహించుకోకండి. చాలా చోట్ల అది రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాల మీద బల్లపరుపుగా చెక్క పరిచిన పాంటూన్ పడవ. పైన కప్పు, రెండు వైపులా బల్లలు, మధ్యలో కాస్త ఖాళీ స్థలం ఉంటాయి. ఆ ఖాళీలో ఇద్దరు నిలబడి నాట్యం చేయవచ్చు కానీ ఇరవై మంది చేయలేరు.

పెరల్‌ల్యాండ్_పద్మ

అన్నిటికంటే ముందు మరుగుదొడ్డి గురించి అడగండి. మేము ఎక్కిన పడవలో లేదు, రేవులో మాత్రమే ఉంది. పడవ కదిలిన ఇరవై నిమిషాలకే మా చిన్నవాడు లేచి నిలబడ్డాడు, అప్పటి నుంచి తిరిగి వచ్చేవరకు నేను అడవిని చూడలేదు, వాడి ముఖమే చూశాను. మీ పెద్దత్తయ్య గారి కోసమైనా ఈ సంగతి ముందే తేల్చుకోవాలి.

చుక్కాని

కైకలూరు గారూ, మీరు చెప్పిన ఇద్దరిలో 22 మందికి మించి ఎక్కించనన్న మనిషితోనే మాట్లాడండి. రెండో ఆయన నంబరు మీ ఫోనులో ఉంచుకోవలసిన అవసరం కూడా లేదు. కారణం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మర్యాదకు సంబంధించిన విషయం కాదు, చట్టానికి సంబంధించినది.

అమెరికాలో చిన్న పడవలో డబ్బు తీసుకుని ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే ఆ పడవను కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఎంత మంది ఎక్కవచ్చో ఆ పత్రంలో అంకె వేసి ఉంటుంది. ఆ అంకె కుర్చీలను మాత్రమే లెక్కపెట్టి వేసింది కాదు. పడవ ఎంత బరువుకు ఎంత ఒరుగుతుందో కూడా చూసి నిర్ణయిస్తారు. 2011 చివరి నుంచి ఈ లెక్కలో ఒక్కో మనిషి సగటు బరువును 185 పౌండ్లుగా తీసుకుంటున్నారు. అంతకు ముందు అది 160 పౌండ్లు. ఒళ్ళో కూర్చున్న బిడ్డ కూడా ఒక ప్రయాణికుడే. నీళ్ళ మీద ఒళ్ళో ఉన్నవారికీ బల్ల మీద ఉన్నవారికీ తేడా లేదు.

పాంటూన్ పడవకు మరో గుణం ఉంది. జనమంతా సమంగా కూర్చున్నంతసేపు అది మండువా లోగిలిలా స్థిరంగా ఉంటుంది. ఎవరో ఒకరు "అదిగో మొసలి" అని కేక వేయగానే ఇరవై మందీ ఫోనులు పట్టుకుని ఒకే వైపుకు పరుగెత్తితే ఆ వైపు గొట్టం నీళ్ళలోకి దిగుతుంది. ప్రైవేటు బృందాలతో సరంగులకు ఉండే అసలు ఇబ్బంది ఇదే. అపరిచితులు తమ చోటు వదలరు, బంధువులు వదులుతారు.

కాబట్టి అడగవలసిన ప్రశ్నలు ఇవి. మీ పడవ ధ్రువపత్రం ప్రకారం ఎంత మంది ఎక్కవచ్చు, మా ఏడుగురు పిల్లలకు, చంటిబిడ్డకు సరిపోయే కొలతల్లో లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయా, సరంగుకు కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉందా, ఉరుములు మెరుపులు వస్తే డబ్బు తిరిగి ఇస్తారా లేక మరో తేదీ ఇస్తారా. నాలుగింటికీ జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

ప్లేనో_ప్రభ

చుక్కాని గారి మాటలు సరైనవే కానీ భయపెట్టేలా ఉన్నాయి. మేము ముప్పై మందిమి రెండు పడవల్లో వెళ్ళి, స్పీకరు పెట్టుకుని, అంత్యాక్షరి ఆడుకుని, ఎంతో సంతోషంగా తిరిగి వచ్చాము. నాన్నగారి అరవయ్యో పుట్టినరోజుకు పాట లేకపోతే అది వేడుక ఎలా అవుతుంది? ప్రైవేటు పడవకు ఎక్కువ డబ్బు ఇచ్చేది మన ఇష్టం వచ్చినట్టు ఉండడానికే కదా.

కొంగల_నేస్తం

నేను లూసియానా రాజధాని బేటన్ రూజ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. వారాంతాల్లో కెమెరా పట్టుకుని ఈ చిత్తడి అడవుల్లోనే తిరుగుతాను. ప్రభ గారితో ఒక్క విషయంలో గట్టిగా విభేదిస్తున్నాను. పాట పాడుకోవడం తప్పు కాదు. కానీ ఏప్రిల్ చివరలో స్పీకరు పెట్టుకుని ఈ అడవిలోకి వెళ్ళేవారు ఏమి పోగొట్టుకుంటారో వారికి తెలియదు.

వసంతకాలం మొసళ్ళు జతకట్టే కాలం. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా పొద్దుటి పూట, మగ మొసలి తలా తోకా పైకెత్తి, ఊపిరి నిండా పీల్చుకుని గర్జిస్తుంది. అందులో కొంత భాగం మన చెవికి అందనంత మంద్రస్థాయిలో ఉంటుంది. ఆ కంపనానికి దాని వీపు మీది నీళ్ళు కాలిన పెనం మీద చల్లిన చినుకుల్లా ఎగిరి చిందుతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు నా చేతిలోని కెమెరాను ఎత్తడం కూడా మరిచిపోయాను. అటువంటి చోట మనం పాట పెడితే మొసలి నీళ్ళలోకి మునుగుతుంది, కొంగ గూడు మీది నుంచి లేస్తుంది. గూడు విడిచిన తల్లి తిరిగి వచ్చేలోపు గుడ్లకు కాకుల బెడద ఉంటుంది.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది. మీలా హ్యూస్టన్ పక్కనున్న కేటీ నుంచి వచ్చేవారికి అచాఫలాయా బేసిన్ దగ్గర పడుతుంది. హెండర్సన్ అనే ఊరి గట్టు నుంచి పడవలు బయలుదేరుతాయి, కారులో నాలుగు గంటలు అనుకోండి. అమెరికాలో నది ఏర్పరచిన చిత్తడి అడవుల్లో ఇదే అన్నిటికంటే పెద్దది. దీని మీదుగా ఐ-10 రహదారి దాదాపు 18 మైళ్ళ వంతెన మీద సాగుతుంది. దారిలో ఒక్క ప్రమాదం జరిగినా గంటల తరబడి ఆగిపోతారు కనుక గంటన్నర ముందే బయలుదేరండి. న్యూ ఆర్లీన్స్ కూడా చూడాలనుకుంటే స్లిడెల్ దగ్గరి హనీ ఐలాండ్ చిత్తడి బాగుంటుంది, కానీ అది మీకు మరో రెండు గంటల దూరం. లేక్ మార్టిన్‌లో గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు గూళ్ళు కడతాయి. అక్కడ తిరిగేవి చిన్న పడవలు, 26 మంది బృందానికి సరిపడవు. అయితే కారులో గట్టు వెంట వెళ్ళి చూడవచ్చు.

ఏప్రిల్‌లో బేసిన్‌లో నీటి మట్టం ఎక్కువగా ఉంటుంది. మిసిసిపీ, రెడ్ నదుల నీటిలో 30 శాతాన్ని ఇటు మళ్ళిస్తారు. మంచు కరిగిన నీరంతా వసంతంలో దిగుతుంది. నీరు ఎక్కువగా ఉంటే పడవ చెట్ల మధ్యకు వెళ్ళగలదు, అది కంటికి పండుగ. కానీ మొసళ్ళు విశాలంగా చెదిరిపోతాయి కనుక శరత్కాలంలో కనిపించినన్ని కనిపించకపోవచ్చు.

ఫ్రిస్కో_బాబాయి

కాలాన్ని బట్టి మొసళ్ళు కనిపించకపోవచ్చన్న మాట నిజం. మేము జనవరిలో వెళ్ళాము, ఒక్క మొసలి కూడా కనబడలేదు. పిల్లలు ఏడ్చారు. చలికాలంలో అవి మేత మానేసి బురదలో మందకొడిగా పడి ఉంటాయని, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గానీ వాటికి ఆకలి వేయదని సరంగు తిరుగు ప్రయాణంలో చెప్పాడు. ఆ మాట టికెట్టు కొనేటప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే మార్చిలోనో ఏప్రిల్‌లోనో వెళ్ళేవాళ్ళము.

ప్లేనో_ప్రభ

కొంగల నేస్తం గారూ, గూళ్ళ సంగతి నాకు నిజంగా తెలియదు. మా పడవలు వెళ్ళింది అక్టోబరులో. అప్పుడైతే గూళ్ళు ఉండవు కదా?

కొంగల_నేస్తం

అక్టోబరులో గూళ్ళు ఉండవు, మీరు చేసిన హాని పెద్దదేమీ కాదు. ఆగస్టు చివర నుంచి మొసళ్ళ వేట కాలం మొదలవుతుంది కనుక అప్పటికే అవి మనుషులను చూసి జంకుతుంటాయి. లూసియానాలో ఇప్పుడు ఇరవై లక్షలకు పైగా మొసళ్ళు ఉన్నాయి. ఒకప్పుడు తోలు కోసం వాటిని అంతరించే స్థితికి తెచ్చారు. 1967లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చి కాపాడారు, 1987లో తీసివేశారు. ఆ ఇరవై ఏళ్ళ శ్రమ వల్లే మన పిల్లలు ఈనాడు వాటిని పడవలో కూర్చుని చూడగలుగుతున్నారు.

శాకాహారి_షుగర్‌ల్యాండ్

ఒక చిన్న హెచ్చరిక. చాలా పడవల్లో మొసళ్ళను దగ్గరకు రప్పించడానికి మార్ష్‌మెలోలు విసురుతారు. అవి తెల్లగా ఉండి నీళ్ళ మీద తేలుతాయి కనుక మొసలికి సులభంగా కనబడతాయి. సరంగు ఆ సంచీని పిల్లల చేతికి కూడా ఇస్తాడు, పిల్లలు రెండు విసిరి ఒకటి తింటారు. వాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే పదార్థం. మా ఇంట్లో పట్టింపు ఉన్నందున నాకు ఆలస్యంగా తెలిసి బాధ కలిగింది.

కొంగల_నేస్తం

తినడం మాట అలా ఉంచి, విసరడమే మానిపించమని నా విన్నపం. ఫ్లోరిడాలో అడవి మొసళ్ళకు మేత వేయడం నేరం. న్యూ ఆర్లీన్స్ పక్కనే ఉన్న జాన్ లఫీట్ జాతీయ ఉద్యానంలోనూ నిషేధమే. మిగతా చోట్ల నిర్వాహకులు వేస్తుంటారు. మనిషిని చూడగానే మేత గుర్తుకు వచ్చే మొసలి, రేపు గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న వాడి దగ్గరికి కూడా అదే ఆశతో వస్తుంది. ప్రైవేటు పడవలో మీరు "మేత వద్దు" అంటే సరంగు వేయడు. మీరు ఇచ్చే ఎక్కువ డబ్బు దేనికైనా పనికి వస్తుందంటే దీనికే.

వంశధార_వాసి

మాకు కోరంగి మడ అడవుల్లో పడవ షికారు అలవాటే. ఇది కూడా అటువంటిదే అనుకోవచ్చా? అయితే అంత దూరం వెళ్ళడం ఎందుకు?

కొల్లేటి_గట్టు

అటువంటిది కాదు. కోరంగివి మడ చెట్లు, సముద్రపు ఉప్పునీరు తగిలే చోట పెరుగుతాయి, ఆటుపోట్లతో నీరు వస్తూ పోతూ ఉంటుంది. అచాఫలాయాలో మీరు చూసేది మంచినీటిలో నిలబడిన సైప్రస్, టుపెలో చెట్లు. సైప్రస్ చెట్టు మొదలు గుమ్మడిపండులా ఉబ్బి ఉంటుంది. దాని వేళ్ళ నుంచి మొనదేలిన కణుపులు నీటి పైకి పొడుచుకు వస్తాయి, వాటిని అక్కడివారు మోకాళ్ళు అంటారు. కొమ్మల నుంచి బూడిద రంగు జడల్లా వేలాడే దాన్ని స్పానిష్ మాస్ అంటారు. అది నాచు కాదు, స్పెయిన్‌దీ కాదు, అనాస కుటుంబానికి చెందిన మొక్క. చెట్టు రసం పీల్చదు, గాలి, వాన నుంచి అందే తేమతోనే బ్రతుకుతుంది.

కానీ కైకలూరు గారి నాన్నగారికి అక్కడ ఒక పాత పరిచయం ఎదురవుతుంది. గుర్రపు డెక్క. మన కొల్లేటి కాలువలను, చెరువులను పూడ్చేసిన ఆ ఊదాపూల మొక్కే లూసియానాలో బాయూలు అని పిలిచే, నెమ్మదిగా పారే నీటి పాయలనూ పూడ్చేసింది. రెండు చోట్లకూ అది దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. 1884లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పత్తి ప్రదర్శనలో దాన్ని పంచిపెట్టారని అక్కడివారు చెప్పుకుంటారు. దాని బెడద ఎంతగా ముదిరిందంటే, 1910లో లూసియానాకు చెందిన బ్రూసార్డ్ అనే ప్రతినిధి, దీన్ని మేయడానికి ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలను తెప్పిద్దామని అమెరికా కాంగ్రెసులో బిల్లు పెట్టాడు. ఆ బిల్లు నెగ్గలేదు. నీటిగుర్రాలు కూడా వచ్చి ఉంటే మీరు ఇవాళ లైఫ్ జాకెట్లతో పాటు మరికొన్ని విషయాలు అడగవలసి వచ్చేది.

పెరల్‌ల్యాండ్_పద్మ

నీటిగుర్రాల సంగతి మా అబ్బాయికి చదివి వినిపించాను. ఆ బిల్లును మళ్ళీ పెట్టమని ఎవరికి ఉత్తరం రాయాలని అడుగుతున్నాడు.

రాజోలు_రేవు

లైఫ్ జాకెట్ల గురించి ఒక మాట చెప్పాలి. ఇటువంటి తనిఖీ చేసిన పడవల్లో పెద్దవారు జాకెట్ వేసుకుని తీరాలన్న నియమం సాధారణంగా ఉండదు, అవి బల్లల కింద అందుబాటులో ఉంటే చాలు. సరంగు బయలుదేరే ముందు అవి ఎక్కడున్నాయో, ఎలా తొడుక్కోవాలో చూపిస్తాడు. మనవాళ్ళు ఆ రెండు నిమిషాలూ ఫోటోలు తీసుకుంటూ ఉంటారు.

నేను మాత్రం వేసుకుంటాను, మా ఇంటివాళ్ళందరి చేతా వేయిస్తాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల విహారయాత్ర లాంచీ మునిగినప్పుడు మా ఊరికి దగ్గరి వారు అందులో ఉన్నారు. ఉక్కగా ఉందని కొందరు జాకెట్లు తీసి పక్కన పెట్టారన్న మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. చిత్తడి అడవి నీరు గోదావరి వరద కాదని, చాలా చోట్ల లోతు కూడా తక్కువేనని నాకు తెలుసు. అయినా పడవ ఎక్కగానే నా చేయి బల్ల కిందకే వెళుతుంది.

చుక్కాని

రాజోలు గారి మాటే నా మాట కూడా. దానికి ఒక్క విషయం కలుపుతాను. నీళ్ళ కింద సైప్రస్ మొద్దులు ఉంటాయి, పైకి కనిపించవు. పడవ నెమ్మదిగానే వెళ్ళినా మొద్దు తగిలితే ఒక్క కుదుపు వస్తుంది. నిలబడి బిర్యానీ వడ్డిస్తున్న మనిషికి ఆ కుదుపు చాలు.

ప్లేనో_ప్రభ

భోజనం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మేము అల్యూమినియం ట్రేలలో బిర్యానీ తీసుకువెళ్ళి పొరపాటు చేశాము. పేపరు పళ్ళేలు గాలికి లేచాయి, పెరుగుచట్నీ బల్లల మీద ఒలికింది, తిన్నంతసేపూ ఎవరూ బయటికి చూడలేదు. రెండోసారి వెళితే పులిహోర, గారెలు, కోసిన పండ్లు, ఒక చేత్తో తినగలిగినవే తీసుకువెళతాను. గాజు సీసాలు చాలామంది ఒప్పుకోరు. మందు విషయంలో ఒక్కో నిర్వాహకుడిది ఒక్కో పద్ధతి. మీ పానీయాలు మీరే తెచ్చుకోమనేవారే ఎక్కువ, ముందే అడగాలి.

శాకాహారి_షుగర్‌ల్యాండ్

కేకు మీద కొవ్వొత్తులు, హారతి కర్పూరం అడగకుండా వెలిగించకండి. పడవలో పెట్రోలు ఉంటుంది. మా సరంగు అగ్గిపెట్టె చూడగానే ఇంజను ఆపేశాడు. బ్యాటరీ దీపాలు పెట్టుకోండి. బెలూన్లు, మెరుపు కాగితాలు కూడా వద్దు, నీళ్ళలో పడితే ఏరి తీయడం సాధ్యం కాదు.

ఫ్రిస్కో_బాబాయి

ఎయిర్‌బోట్ ఎక్కుదామని మీ పిల్లలు పట్టుబడతారు. వెనక పెద్ద ఫ్యాను ఉండి గాలిలో తేలినట్టు దూసుకుపోయే పడవ అది. చెవులకు మూతలు పెట్టుకోవాలి, మాటలు వినబడవు, చాలా వాటిలో కప్పు ఉండదు. చంటిబిడ్డకు, పెద్దవారికి అది తగదు. కుర్రవాళ్ళకు మరో రోజు చూపించండి.

కైకలూరు_కేటీ

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన నాలుగు ప్రశ్నలూ ఈమెయిల్‌లో పంపాను. 22 మంది అన్న ఆయన గంటలోనే పడవ ధ్రువపత్రం ఫోటోతో సహా జవాబు పంపారు. "అందరినీ సర్దుతాను" అన్న ఆయన నుంచి వారం గడిచినా జవాబు లేదు. రెండు పడవలు మాట్లాడుకున్నాము, ఒక్కో దానిలో 13 మందిమి, పొద్దున 9 గంటలకు బయలుదేరతాము. బాడుగ మనిషికి ఇంతని కాకుండా పడవకు ఇంతని ఉంది కనుక ఖర్చు రెట్టింపు అయింది, దానికి తోడు సరంగులకు 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. మా తమ్ముడు ఖర్చు గురించి మొదట అభ్యంతరం చెప్పాడు, రాజోలు గారి పోస్టు చదివాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. స్పీకరు ఇంట్లోనే ఉంచుతున్నాము.

ప్లేనో_ప్రభ

పూర్తిగా ఇంట్లో ఉంచకండి. తిరిగి వచ్చాక రేవు గట్టు మీద పందిరి కింద బల్లలు ఉంటే అక్కడ కేకు కోసి పాడుకోవచ్చు.

కైకలూరు_కేటీ

నిన్న రాత్రి తిరిగి వచ్చాము. నా తర్వాత వెళ్ళేవారికి ఉపయోగపడుతుందని జరిగింది రాస్తున్నాను.

దారిలో నలభై నిమిషాలు ఆగిపోయాము. కొంగల నేస్తం గారి మాట విని ముందే బయలుదేరడం వల్ల పడవ తప్పిపోలేదు. సరంగు ఒక కేజన్ పెద్దాయన. 1755 నుంచి బ్రిటిష్ వారు కెనడా తీరం నుంచి వెళ్ళగొట్టిన ఫ్రెంచి కుటుంబాల సంతతి తమదని, ఇంట్లో నాయనమ్మ ఫ్రెంచే మాట్లాడేదని చెప్పాడు. ఆయన ఇంగ్లీషు మా నాన్నగారికి అర్థం కాలేదు, నాన్నగారి ఇంగ్లీషు ఆయనకు అర్థం కాలేదు, మధ్యలో మా పదేళ్ళ అమ్మాయి రెండు వైపులా చెప్పుకుంటూ వచ్చింది.

మొసళ్ళు మొత్తం ఐదు కనిపించాయి. మేత వద్దన్నందుకు సరంగు మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత ఒక మొసలికి చాలా దూరంగా ఇంజను ఆపి పడవను దానంతట అదే జరగనిచ్చాడు. నీటి పైన కళ్ళూ ముక్కుపుటాలూ తప్ప మరేమీ లేవు. కంటికీ ముక్కుకూ మధ్య ఎన్ని అంగుళాలుంటే మొసలి సుమారు అన్ని అడుగుల పొడవుంటుందని చెప్పి పిల్లల చేత లెక్కపెట్టించాడు. వాళ్ళు తొమ్మిది అన్నారు. అది కదిలి ఒక మొద్దు మీదకు ఎక్కినప్పుడు ఆయన కూడా తొమ్మిదే అన్నాడు. గర్జన వినే అదృష్టం మాకు కలగలేదు. ఐదు నిమిషాలు అందరం మాట్లాడకుండా కూర్చున్నప్పుడు వడ్రంగి పిట్ట చెట్టును కొడుతున్న చప్పుడు, కప్పల బెకబెకలు, మా చంటివాడి నిద్రలోని ఊపిరి వినిపించాయి.

తర్వాత గుర్రపు డెక్క వచ్చింది. ఒక మలుపు దాటగానే నీరు కనబడకుండా పచ్చగా పరుచుకుని ఉంది, మధ్యలో ఊదా పూలు. నాన్నగారు లేచి నిలబడబోయి, చుక్కాని గారి హెచ్చరిక నేను చదివి వినిపించి ఉన్నందున మళ్ళీ కూర్చుని, అంచు మీది నుంచి చేయి చాపి ఒక మొక్కను పైకి తీశారు. నల్లటి కుచ్చు వేళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగా, కాడ మీద ఉబ్బిన బుడిపెను బొటనవేలితో నొక్కి పటుక్కుమనిపించారు. చిన్నప్పుడు ఉప్పుటేరు గట్టున బడి ఎగ్గొట్టి ఇదే పని చేసేవారమని మనుమరాలికి చెప్పారు. సరంగు కూడా ఒకటి తీసి పటుక్కుమనిపించి, తానూ అంతేనన్నాడు. నాన్నగారు ఒక మొక్కను సంచీలో వేసుకోబోతే మాత్రం ఆపాడు, దీన్ని ఇక్కడి నుంచి మరో చోటికి తీసుకువెళ్ళకూడదని చెప్పి తిరిగి నీళ్ళలో వేయించాడు. మన వెదురు గడలతో గుర్రపు డెక్కను ఎలా లాగుతారో నాన్నగారు గాలిలో చేతులతో చూపించారు. ఇక్కడ మందు చల్లుతారని, యంత్రాలతో కోస్తారని, అయినా అది పోదని సరంగు చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరికీ అనువాదం అవసరం పెద్దగా లేకపోయింది.

కేకు గట్టు మీద పందిరి కింద కోశాము. ప్రభ గారి సలహా ప్రకారం పాటలు కూడా అక్కడే పాడుకున్నాము. లోటు అనుకోవలసింది ఒకటుంది. రెండో పడవలో ఉన్నవారికి నాన్నగారు గుర్రపు డెక్కతో ఆడుకున్న ఆ కాసేపు దొరకలేదు. ఇరవై ఆరు మంది ఎక్కగల తనిఖీ చేసిన పెద్ద పడవ దొరికితే బాగుండేది. కానీ అంత పెద్దది చెట్ల మధ్యకు వెళ్ళలేదని సరంగు అన్నాడు.

కొంగల_నేస్తం

వచ్చే ఏడాది మే మొదటి వారంలో తెల్లవారకముందే రండి, గర్జన వినే వరకు వెనక్కి వెళ్ళనివ్వను.

రాజోలు_రేవు

జాకెట్లు వేసుకున్నారా?

కైకలూరు_కేటీ

అందరమూ వేసుకున్నాము. పెద్దత్తయ్య మాత్రం చీర నలుగుతుందని మొదట ఒప్పుకోలేదు, నాన్నగారు వేసుకున్నాక వేసుకున్నారు.

నెల్లూరు_నాష్‌విల్

ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. మా మామగారు చక్రాల కుర్చీలో ఉంటారు. వారిని ఇటువంటి పడవ ఎక్కించడం సాధ్యమేనా?

కైకలూరు_కేటీ

సాధ్యమే, కానీ రేవును బట్టి ఉంటుంది. మేము వెళ్ళిన చోట గట్టు నుంచి రేవు బల్ల వరకు వాలు చెక్క ఉంది, మెట్లు లేవు. బల్లకూ పడవకూ మధ్య జానెడు సందు, ఆ రోజు నీరు నిండుగా ఉన్నందున పడవ అంచు బల్లకు సమంగా ఉంది. నీరు తగ్గిన నెలల్లో పడవ కిందకు దిగిపోతుంది, అప్పుడు అడుగున్నర లోతుకు దించవలసి వస్తుందని సరంగు చెప్పాడు. పెద్దత్తయ్యను ఇద్దరం రెండు చేతులూ పట్టుకుని ఎక్కించాము. మీరు ఫోను చేసినప్పుడు ఆ వారం నీటి మట్టం ఎంత ఉందో, కుర్చీ వెడల్పు పడవ తలుపులో పడుతుందో లేదో అడగండి. ఆ రేవు ఫోటో ఒకటి నా దగ్గర ఉంది, సాయంత్రం ఇక్కడ పెడతాను.